రెండు సిస్టమ్‌లూ ఒకే డిస్కు మీద

సోమవారం సాయంత్రం పేజ్‌మేకర్‌లో పని చేస్తుండగా కంప్యూటర్ బిగుసుకుపోయింది. సీపీయూలోంచి టక్ టక్‌మని చప్పుడు. అది హార్డ్ డిస్కుదేనని తెలిసి చేతులు చల్లబడ్డాయి.

నాది డీటీపీ పని. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ విండోస్‌లో. యూనికోడ్ పనంతా ఉబుంటులో. రెండూ ఒకే 500 జీబీ డిస్కు మీద. ఫైళ్లు చాలావరకు పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. కానీ విండోస్ కొత్తగా ఎక్కిస్తే ఆ పాత సాఫ్ట్‌వేరంతా మళ్లీ కుదురుతుందన్న నమ్మకం లేదు. నాకు తిండి పెట్టేది అదే. డిస్కు మొత్తం ఉన్నదున్నట్టు కావాలి.

బెంగళూరులో ఉన్న మేనకోడలికి ఫోన్ చేశాను. "అత్తా, ముందు ఆపెయ్యి. ఆన్ చేసి చూస్తూ కూర్చుంటే ఉన్నదీ పోతుంది" అంది.

మంగళవారం 1 టీబీ డిస్కు కొన్నాను. తగిలించడానికి కేబుల్ షాపతను ఊరికే ఇచ్చాడు. డిస్కు బాగుంటే దాన్ని కాపీ చెయ్యడానికి క్లోన్‌జిల్లా చాలట. చెడిపోతున్నదానికి డీడీరెస్క్యూ. అది ముందు తేలిగ్గా చదవగలిగిందంతా కాపీ చేసుకుంటుంది, మొరాయించిన చోట్లకి తర్వాత వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్‌ఫైల్‌లో రాసుకుంటుంది. ఆ ఫైలును మేనకోడలు వేరే పెన్‌డ్రైవ్‌లో పెట్టించింది.

కమాండ్‌లో పాత డిస్కు ముందు, కొత్తది తర్వాత. తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి నా డిస్కు మీద పడుతుంది. డిస్కులకు సిస్టమ్ పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్న పేర్లను నమ్మొద్దంది. టార్చి వేసి స్టిక్కర్ మీది సీరియల్ నంబరు నేను చదివాను, వీడియో కాల్‌లో స్క్రీన్ మీది నంబరు అది చదివింది. కలిసింది. అయినా ఎంటర్ నొక్కలేకపోయాను. ఏడుపొచ్చేసింది. నేనెత్తుకు పెంచిన పిల్ల ముందు ఏడ్చినందుకు సిగ్గేసింది. అది తొందరపెట్టలేదు, ఫోనూ పెట్టెయ్యలేదు. చివరికి నొక్కాను.

బుధవారం తెల్లవారుజామున కరెంటు పోయింది. గుండె ఆగినంత పనైంది. కరెంటు వచ్చాక అదే కమాండ్ మళ్లీ ఇస్తే ఆగిన చోటు నుంచే మొదలైంది. ఆ మ్యాప్‌ఫైల్ విలువ అప్పుడు తెలిసింది. డీడీరెస్క్యూను రాసి అందరికీ ఉచితంగా ఇచ్చిన ఆంటోనియో డియాజ్ డియాజ్‌కి ఋణపడి ఉన్నాను.

గురువారం మధ్యాహ్నానికి కాసిని సెక్టర్లు తప్ప అన్నీ వచ్చాయి. ఆన్ చేసేముందు మేనకోడలు పాత డిస్కు తీసేయించింది. క్లోన్ చేస్తే రెండింటి గుర్తింపు నంబర్లూ ఒకటే అవుతాయి, సిస్టమ్ ఏది ఏదో పోల్చుకోలేదు. మీరు చేసినా ఇది మరవకండి.

ఏ సిస్టమ్ తెరవాలో అడిగే గ్రబ్ మెనూ వచ్చింది. ఉబుంటు తెరుచుకుంది. విండోస్ డిస్కును చెక్ చేసుకుని చాలాసేపటికి తెరుచుకుంది. పేజ్‌మేకర్‌లో ఒత్తులు, గుడింతాలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

చేతిలో ఉన్న పుస్తకంలోవి కొన్ని ఫొటోలు మాత్రం తెరుచుకోలేదు. ఆ రచయిత ఫోన్లు సోమవారం నుంచి భయంతో ఎత్తలేదు. శుక్రవారం నేనే చేసి జరిగింది చెప్పాను. ఫొటోలు మళ్లీ పంపారు.