వెనక బెంచీకి వినబడని పాఠం

ఖరగ్‌పూర్‌లో తెలుగు మాధ్యమం బడిలో చిన్న తరగతులకు చెబుతూ చాలా ఏళ్లపాటు నేను ఒకే నమ్మకం పట్టుకుని ఉన్నాను. పిల్లవాడికి పాఠం రాలేదంటే వాడికి శ్రద్ధ లేదు, లేదంటే ఇంట్లో దగ్గర కూర్చోబెట్టుకుని చదివించేవాళ్లు లేరు. ఇంకో కారణం ఉండొచ్చనీ, అది రోజూ నేనే తాళం తీసే గదిలో ఉందనీ చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పటికే ఎంతమంది పిల్లలు నష్టపోయారో తలుచుకుంటే ఇప్పటికీ మనసు కుదుటపడదు.

మాది రైలు పుట్టించిన ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షను వేసి, వర్క్‌షాపు పెట్టాక, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి మనవాళ్లు పనికి వచ్చి మథురాకాటి, నింపురా క్వార్టర్లలో స్థిరపడ్డారు. వాళ్ల మనవలు, మునిమనవలు నా విద్యార్థులు. ఇంట్లో శ్రీకాకుళం మాట, వీధిలో హిందీ, బజారులో బెంగాలీ, బళ్లో పుస్తకాల తెలుగు. ఇన్ని భాషల మధ్య పెరిగే పిల్లలు చదువుకోవాలంటే ముందు మాట స్పష్టంగా చెవిన పడాలి.

మా తరగతి గది పాతకాలం రైల్వే కట్టడాల తీరుది. ఎత్తైన కప్పు, మందపాటి ఇటుక గోడలు, గచ్చు నేల, పైన వెంటిలేటర్లు. ఎండాకాలం చల్లగా ఉండేది. అది ఎండ కోసం కట్టిన గది, మాట కోసం కట్టింది కాదు. అసలు మా ఊళ్లో పాఠం చెప్పడానికని ఆలోచించి కట్టినవెన్ని? 1951లో ఐఐటీ తరగతులు మొదలైంది కూడా హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలోనే, 1931లో పోలీసులు ఇద్దరు ఖైదీలను కాల్చి చంపిన చోట. ఉన్న గోడల మధ్యే చదువు సాగించుకున్నామన్న గర్వం ఈ ఊరివాళ్లందరికీ ఉంది. నాకూ ఉండేది. ఆ గర్వమే నన్ను ఆ గోడల వంక సరిగ్గా చూడనివ్వలేదు.

బల్లలు వరసగా వేయించేదాన్ని. చురుకైనవాళ్లు ముందు, రానివాళ్లు వెనక. ఎవరూ నేర్పలేదు, నన్ను చదివించినవాళ్లు అలాగే చేశారు, నేనూ చేశాను. రెండో తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. వర్క్‌షాపు ఫిట్టరు కొడుకు. వచ్చిన కొత్తలో డిక్టేషన్ తప్పులు రాశాడని ఒక వరస వెనక్కి పంపాను. తప్పులు పెరిగాయి, ఇంకో వరస వెనక్కి పంపాను. చివరికి కిటికీ పక్కన ఆఖరి బల్ల. ఆ కిటికీ అవతల యార్డు. గూడ్సు బండ్లు షంటింగు చేసేటప్పుడు కప్లింగులు ఒకదానికొకటి గుద్దుకుంటూ పోయే చప్పుడు గదిలోకే వచ్చేది.

వాళ్లమ్మ ఒకసారి వచ్చి నిలబడింది. "ఇంటికాడ ఒక్క పిలుపుకే పలుకుతాడండి టీచరుగారూ. బళ్లో ఏటవుతందో నాకు తెలవట్నేదు" అంది. చెవులు బాగానే ఉన్నాయా, డాక్టరుకి చూపించావా అని కూడా నేను అడగలేదు. "చదువు మీద ధ్యాస లేదమ్మా, కాస్త భయం పెట్టు" అన్నాను. ఆవిడ తలూపి వెళ్లిపోయింది. ఇంటికెళ్లి భయం పెట్టే ఉంటుంది.

ఆ యేడు శిక్షణకు వచ్చిన ఒక అమ్మాయి చేత డిక్టేషన్ చెప్పించి, నేను వెనక ఖాళీ బల్ల మీద కూర్చుని నోటు పుస్తకాలు దిద్దుతున్నాను. తల దించుకుని ఉన్నాను కనుక ఆ అమ్మాయి పెదవులు నాకు కనబడవు. "తోట" అందో "కోట" అందో తెలియక తలెత్తాను. యాభై దాటిన పంతులమ్మను, ఆ పాఠం నాకు కంఠతా వచ్చు. అయినా తెలియలేదు. చేతిలో ఉన్నది ఆ ఆఖరి బల్ల పిల్లవాడి పుస్తకమే. అప్పుడు మొదటిసారి వాడి తప్పుల్ని సరిగ్గా చదివాను. పాలు అంటే కాలు. తోట అంటే కోట. తీగ అంటే పీగ. దీర్ఘాలన్నీ సరిగ్గా ఉన్నాయి, ఓత్వాలు, కొమ్ములు సరిగ్గా ఉన్నాయి. తప్పంతా మొదటి హల్లులోనే. పీగ అనే మాట లేదని వాడికీ తెలిసే ఉంటుంది. అయినా రాశాడంటే, చెవిన పడ్డది పడ్డట్టు నిజాయితీగా రాశాడన్నమాట. ధ్యాస లేని పిల్లవాడు అలా రాయడు. ఆ పుస్తకం నిండా ఎర్ర ఇంకుతో నేను కొట్టిన కొట్టివేతలే.

తర్వాత చదివి అర్థం చేసుకున్నది ఇది. మన మాటలో అచ్చులు బలంగా, పొడుగ్గా ఉంటాయి. ప, త, క లాంటి హల్లులు క్షణంలో పుట్టి పోతాయి, వాటి బలమూ తక్కువే. గట్టి గోడలు, ఎత్తు కప్పు ఉన్న గదిలో ముందు పలికిన అచ్చు ప్రతిధ్వని ఇంకా తిరుగుతుండగానే తర్వాతి హల్లు వచ్చి దాని కింద మునిగిపోతుంది. పెద్దవాళ్లం అలవాటు కొద్దీ పోయిన ముక్కను మనసులోనే పూరించుకుంటాం. ఏడేళ్ల పిల్లకు పూరించుకునేటంత మాటల నిల్వ ఎక్కడిది? ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటి అయిన పిల్లలకు ఈ కష్టం ఇంకా ఎక్కువ. తరగతిలో నేపథ్యపు చప్పుడు 35 డెసిబెల్స్ దాటకూడదనీ, ప్రతిధ్వని సుమారు 0.6 సెకనులో అణగిపోవాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది.

మా ఊరివాళ్లు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఇంకొకటుంది. న్యూయార్కులో ఒక ప్రాథమిక పాఠశాల పక్కనే, వంతెన మీద నడిచే రైలు పట్టాలు ఉండేవి. నాలుగున్నర నిమిషాలకోసారి రైలు. అర్లీన్ బ్రాంజాఫ్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆ బడిలో పట్టాల వైపు గదుల పిల్లల్నీ, అవతలి వైపు గదుల పిల్లల్నీ పోల్చి చూసి 1975లో ఫలితాలు ప్రకటించారు. ఆరో తరగతికి వచ్చేసరికి పట్టాల వైపు పిల్లలు చదవడంలో ఏడాదికి దగ్గరగా వెనకబడి ఉన్నారు. బడి అదే, గది వైపు మాత్రమే వేరు. ఆవిడ అక్కడితో ఊరుకోలేదు. ఆవిడ పట్టుదల వల్ల పట్టాల కింద రబ్బరు మెత్తలు వేశారు, తరగతుల కప్పుకు శబ్దాన్ని పీల్చుకునే పలకలు బిగించారు. మళ్లీ కొలిచి 1981లో చెప్పిన ఫలితం: రెండు వైపుల మధ్య తేడా పోయింది. ఆ రెండో సగం చదివాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పోయే తేడాను నేను పిల్లల బుద్ధికి అంటగట్టాను కదా.

చేయగలిగింది చేశాను. మా దగ్గర డబ్బు లేదు. వెనక గోడకు పాత బొంతలు, కొబ్బరి పీచు చాపలు వేలాడదీశాం. గచ్చు మీద జంపఖానాలు పరిచాం. బండి పోతుంటే గొంతు చించుకుని అరవడం మానేసి, పోయేదాకా ఆగి, ఆ వాక్యం మళ్లీ మొదటినుంచి చెప్పడం అలవాటు చేసుకున్నాను. వరసలు తీసేసి బల్లల్ని అర్ధచంద్రాకారంగా వేయించాను. దాంతో ఆఖరి బల్ల అన్నదే లేకుండా పోయింది. జర్మనీలో నాలుగో తరగతి పిల్లల్ని రెండు రకాలుగానూ మార్చి మార్చి కూర్చోబెట్టి చూశారు, అర్ధచంద్రాకారంలో ఉన్నప్పుడు పిల్లలు ప్రశ్నలు ఎక్కువ అడిగారు. మా గదిలోనూ అడిగారు. అంతవరకూ నోరు విప్పనివాళ్లు అడిగారు.

గోడల సంగతిలోనూ పొరబడ్డాను. తనిఖీకి వచ్చేవాళ్లు మెచ్చుకుంటారని ఖాళీ లేకుండా చార్టులు అంటించేదాన్ని. 2014లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్లు చిన్నపిల్లలకు నిండా అలంకరించిన గదిలో కొన్ని పాఠాలు, బోసి గోడల గదిలో కొన్ని పాఠాలు చెప్పి పరీక్ష పెడితే, బోసి గదిలో 55 శాతం, అలంకరించిన గదిలో 42 శాతం సరైన జవాబులు వచ్చాయి. నల్లబల్ల ఉన్న గోడ మీది చార్టులన్నీ పీకేశాను. ఆ వారం పాఠానికి కావలసినదొక్కటే పక్క గోడకు ఉంచాను.

ఈ మార్పులేవీ ఆ ఫిట్టరు కొడుక్కి అందలేదు. అప్పటికే వాళ్లు బడి మాన్పించారు. మార్కెట్లో వాళ్లమ్మ కనబడినప్పుడు, తప్పు వాడిది కాదు, వాడికి వినబడలేదు, నేను కనుక్కోలేకపోయాను అని చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

2020 డిసెంబరులో బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పటి నుంచి మా ఊళ్లో పాఠ్యపుస్తకాల గురించి, టీచర్ల గురించి మాట్లాడుకుంటున్నారు. మాట్లాడాలి కూడా. ఆంధ్రాలో నాడు-నేడు పథకం కింద బడులకు మరుగుదొడ్లు, మంచినీళ్లు, బల్లలు, ఫ్యాన్లు, రంగులు వచ్చాయి, చాలా మంచి పని. ఆ జాబితాలో శబ్దానికి విడిగా చోటు లేదు. నేనడిగేది పెద్ద ఖర్చు కాదు. కొత్తగా చేరిన టీచరు మొదటి రోజు ఇంకొకరి చేత మామూలు గొంతుతో పది చిన్న మాటలు చదివించి, తాను ఆఖరి బల్ల దగ్గర గోడవైపు తిరిగి కూర్చుని రాసుకోవాలి. పక్క గదిలో తరగతి నడుస్తున్నప్పుడే, యార్డులో బండి కదులుతున్నప్పుడే రాయాలి. పదీ సరిగ్గా రాకపోతే ఆ బల్ల మీద ఏ పిల్లనూ కూర్చోబెట్టకూడదు, చాపలు వేలాడదీసేదాకా.