బందరు దారుల్లో పలకలు

బందరు అనగానే మనవారికి లడ్డూ గుర్తుకు వస్తుంది. ఇంట్లో ఆడవారికైతే కలంకారీ దుప్పట్లు. బందరంటే పారశీకంలో రేవు అని అర్థం. గోలకొండ సుల్తానుల కాలంలో ఆ రాజ్యానికి సముద్రద్వారం ఈ ఊరే. మచిలీపట్నం అనేది కాగితాల మీది పేరు. బస్సు కండక్టరు మాత్రం నేటికీ "బందరు, బందరు" అనే కేక వేస్తాడు.

అద్దకం గుడ్డల కోసం 1605లో డచ్చివారు వచ్చారు. 1611లో గ్లోబ్ అనే ఓడ మీద ఇంగ్లీషువారు, 1669లో ఫ్రెంచివారు దిగారు. ముగ్గురి పోటీ ఎన్నాళ్ళు సాగినా, 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారి చేతిలోని కోటను పట్టుకోవడంతో ఊరు ఇంగ్లీషువారి పాలయింది. ఇదంతా మనం పిల్లలకు పాఠంగా చెప్పేదే. ఊళ్ళో ఈ కథకు గుర్తులేమున్నాయో చూద్దామని నాకెప్పటినుంచో కోరిక. మొన్న వేసవిలో పరీక్ష పేపర్లు దిద్దే పని మీద నాలుగు రోజులు అక్కడ ఉండవలసి వచ్చింది. సాయంత్రాలు నావే కనుక, కోనేరు సెంటర్లో ఒక పెద్దవయసు ఆటో అతన్ని మాట్లాడుకున్నాను.

మొదట డచ్చివారి సమాధులకు వెళ్ళాం. ఉబ్బెత్తు అక్షరాలు, వంశాల చిహ్నాలు చెక్కిన పెద్ద పెద్ద రాతిపలకలు. మూడు వందల ఏళ్ళ ఉప్పుగాలి తిన్నా పనితనం ఇంకా పోలేదు. వాకిట్లో పురావస్తుశాఖ వారి నీలం బోర్డు ఉంది. ఇది జాతీయ ప్రాముఖ్యం గల స్థలమనీ, పాడుచేసినవారికి ఖైదూ, జరిమానా తప్పవనీ హెచ్చరిక. బెదిరింపు బాగానే ఉంది కాని, లోపల పడుకున్నవారెవరో, ఇంత దూరం ఎందుకు వచ్చారో చెప్పే వాక్యం ఒక్కటి లేదు. శిక్ష తెలిసింది, కథ తెలియలేదు.

"ఇక్కణ్ణించి వలందపాలెం పోదామా మాస్టారూ?" అన్నాడు ఆటో అతను.

"వలంద అంటే ఏమిటయ్యా?"

"ఎవరో దొరండీ. పాతకాలం మనిషి."

దొర కాదు, దేశం! హాలండువారిని మన పూర్వులు వలందులు అన్నారు. అలాగే ఫ్రెంచివారు పరాసులు. ఫ్రాన్సులోని ఫకారం మన నోట పకారమైంది, జంటగా ఉన్న హల్లులు విడిపోయాయి, పరాసు అయింది. వ్యాకరణం చెప్పుకు బతికేవాణ్ణి కనుక ఇలాంటిది ఎదురైతే నాకు లడ్డూ తిన్నంత సంబరం. పరాసుపేట, వలందపాలెం, ఇంగ్లీషుపాలెం — మూడు జాతుల చరిత్ర మూడు పేర్లలో ఉంది. బందరు నుంచి వచ్చి మా కాలేజీలో చదివే ఒక అమ్మాయి మాత్రం పరాసుపేట పరశురాముడి పేరున వెలిసిందని నాతో వాదించింది. పాపం, ఆ పిల్ల తప్పేముంది? రోడ్డు మీద పేరు రాసి ఉంది, అర్థం రాసి లేదు.

రెండోరోజు కోటకు వెళ్ళాం. గంటల గోపురం, ఆయుధాగారం మిగిలి ఉన్నాయి. చుట్టూ తుప్పలు, అవతల ఉప్పునేల. ఇక్కడే 1864 నవంబరు 1 రాత్రి సముద్రం ఊరి మీద పడింది. అది రక్తాక్షి సంవత్సరం. దీపావళి వెళ్ళీ వెళ్ళకముందే. తెల్లవారేసరికి ముప్పై వేల మంది పోయారని లెక్క. కోటలో ఉన్నంతసేపూ, తరవాత తిరిగిన దారుల్లోనూ, వాళ్ళను తలచుకునే పలక కోసం వెతికాను. నాకు కనిపించలేదు. ఏ కర్నల్ ఏ గోడ ఎక్కాడో పుస్తకాల్లో పేజీలకు పేజీలు రాసినవారున్నారు. ఆ రాత్రి కొట్టుకుపోయిన నేతగాళ్ళకూ, బెస్తలకూ, పసివాళ్ళకూ ఒక రాయి దొరకలేదా అనిపించింది.

ఆ మాటే పైకి అన్నాను కాబోలు, ఆటో అతను బీడీ ఆర్పేసి దగ్గరికి వచ్చాడు.

"మాది దివిసీమండీ. డెబ్బై ఏడు ఉప్పెనప్పుడు నాకు ఏడేళ్ళు. మా నాన్న నన్ను తాటిచెట్టుకి కట్టేశాడు. అక్కలిద్దరూ పోయారు. మావాళ్ళకి అవనిగడ్డ దగ్గర గుర్తు కట్టారండీ. ఏటా నవంబరు పంతొమ్మిదిన వెళ్ళి దణ్ణం పెట్టుకొస్తా. ఈ బందరోళ్ళకి ఎవరు పెడతారండీ దణ్ణం?"

నేనేమీ అనలేకపోయాను. తిరుగుదారిలో ఇద్దరం మాట్లాడుకోలేదు.

కొత్త రేవు పనులు 2023లో మొదలయ్యాయి. వాటితోపాటు కొత్త రోడ్లూ, వాటి పక్కన పెద్ద పెద్ద బోర్డులూ రాక మానవు. అందుకని ఇంటికి వచ్చాక ఊరి పెద్దలకు ఒక ఉత్తరం రాశాను. ఖర్చెక్కువ లేదు, మూడు పలకలు చాలన్నాను. రెండింటి మీద వలందులెవరో, పరాసులెవరో తెలుగులో రెండేసి వాక్యాలు. కోట దగ్గర పెట్టవలసిన మూడోదానికి ఇలా రాసి పంపాను: "1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనలో ఈ ఊరివారూ, చుట్టుపక్కలవారూ ముప్పై వేల మంది చనిపోయారు."

కింద దణ్ణం పెట్టుకునేందుకు చిన్న అరుగు కూడా కట్టించమన్నాను. అది ఆటో అతని సలహా.