రాజధాని తరలిన నెలకు

కర్నూలు అవుట్‌డోర్ స్టేడియంలో పొద్దున ఆరున్నరకే దుమ్ము లేస్తోంది. మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా రాత్రి బస్సులో వచ్చి నేరుగా ఇక్కడికే చేరాను. మా కడపలో బంతి అంటే క్రికెట్ బంతే. ఇక్కడ ఓ మూల పిల్లలు ఫుట్‌బాల్ వెంట పడుతున్నారు. ఒకడి చొక్కా వెనక మెస్సీ పేరు, దాని కింద రొనాల్డో 7 నంబరు. ఇదేంటని అడిగితే, ‘‘ఇద్దురూ ఇష్టమే సార్’’ అన్నాడు.

కోచ్ ఆవేళ అందర్నీ ఎడమకాలితోనే ఆడమన్నాడు. కుడికాలు తగిలితే ఫౌల్. బంతి ఎటు పోతోందో తన్నినవాడికే తెలియడం లేదు. నవ్వు ఆపుకోలేకపోయాను. గోల్ పోస్టు వెనక కూర్చున్న పెద్దాయన, అందరూ చాచా అనే ఆయన, నన్ను మందలించాడు. ‘‘నవ్వొద్దప్పా. అది రహీం సాబ్ విద్య.’’

సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ బడిపంతులు. ఎడమకాలి వాటం లేనివాళ్లకు ఎడమకాలితోనే ఆడే పోటీ ఒకటి, డ్రిబ్లింగ్ చేయకుండా ఆడే పోటీ ఇంకొకటి పెట్టి కుర్రాళ్లను తయారుచేశాడు. ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పును ఇంకొకరికి వదల్లేదు.

సరే, ఆ హైదరాబాద్ గొప్పతో కర్నూలుకేం పని? చాచా దగ్గర తేదీలతో సహా జవాబుంది. 1953 అక్టోబర్ 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. 1956 నవంబర్ 1న ఆ హోదా హైదరాబాద్‌కు పోయింది. సరిగ్గా నెలకు, డిసెంబర్ 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం కోచ్‌గా ఉన్న భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు వెళ్లింది. ఆసియా నుంచి అంతదాకా వెళ్లిన మొదటి జట్టు అదే. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు.

‘‘ఆఫీసులన్నీ పాయె అని ఊరంతా ఏడుస్తాంటే ఆ కబురొచ్చె. ఆఫీసులు ఇచ్చినాం, ఆట తెచ్చుకున్యాం అంటాండె మా నాయన’’ అన్నాడు చాచా.

తెచ్చుకున్నది నిజానికి గొప్ప ఒక్కటే. తులసీదాస్ బలరాం, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్... ఆ జట్టులో మనవాళ్లనుకునేవాళ్లంతా జంటనగరాల వాళ్లు. అయినా అభిమానానికి నివాస ధ్రువపత్రం ఎవడడుగుతాడు? 1962 సెప్టెంబర్ 4న జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో స్టేడియమంతా భారత్‌ను గేలిచేస్తుంటే, పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు మనవైపు కేకలు వేశారని ఆనాటి ఆటగాళ్లు చెప్పుకునేవారు. తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ముందుకు పంపితే అతనూ ఒక గోల్ కొట్టాడు. దక్షిణ కొరియాపై 2-1తో బంగారు పతకం వచ్చింది. మరుసటి జూన్‌లో రహీం క్యాన్సర్‌తో పోయాడు.

2014లో తెలంగాణ విడిపోయినప్పుడు భవనాలను, సంస్థలను షెడ్యూళ్లు రాసి పంచుకున్నారు. మరి ఆంధ్రప్రదేశ్ పేరుతో 1965-66లో గెలిచిన సంతోష్ ట్రోఫీ ఎవరి వాటా? చాచా తడుముకోలేదు. ‘‘కప్పు వాళ్లకు, కతలు మాకు.’’

ఆట ముగిశాక ఉగ్గాని, బజ్జీ తింటూ పాత తోలుబంతి సంగతి ఎత్తాడు. లోపల బ్లాడర్, పైన తాడుతో బిగించిన కుట్టు. వానలో తడిస్తే బరువెక్కేది. తలతో కొడితే తాడు ముద్ర నుదుటి మీద పడేదట. నాకు 1930 మొదటి ప్రపంచకప్ ఫైనల్ గుర్తొచ్చి చెప్పాను. ఎవరి బంతితో ఆడాలని ఉరుగ్వే, అర్జెంటీనా పట్టుబట్టాయి. చివరికి మొదటి సగం అర్జెంటీనా బంతితో ఆడితే అర్జెంటీనా 2-1 ఆధిక్యంలో నిలిచింది. రెండో సగంలో ఉరుగ్వే బంతి వచ్చింది, 4-2తో ఉరుగ్వే గెలిచింది.

చాచా బజ్జీ నములుతూ అంతా విన్నాడు.

‘‘దీనికింత పంచాయితీ ఎందుకప్పా! మా వీధిలో బంతి ఎవనిదో వాడే కెప్టెన్.’’