నాన్నతో... మైకేల్ ఇంటికి!

2300, జాక్సన్ స్ట్రీట్, గ్యారీ, ఇండియానా.

ఈ చిరునామా అతడికి పన్నెండేళ్లప్పుడే కంఠతా వచ్చు. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. అప్పుడు వాళ్లుండేది విశాఖ ఉక్కునగరంలోని చిన్న క్వార్టర్లో. ఇప్పుడు చికాగో శివారు అరోరాలో. మైకేల్ జాక్సన్ పుట్టిపెరిగిన ఆ ఇంటికి ఇక్కణ్నుంచి కార్లో గంటన్నర మించదు. అయినా పదిహేనేళ్లలో ఒక్కసారీ వెళ్లలేదు. నయాగరా చూశాడు, గ్రాండ్ కాన్యన్ చూశాడు... ఆ గుమ్మం వైపు మాత్రం కారు తిప్పలేదు.

తిప్పాలంటే పాత సంగతొకటి దాటుకుని వెళ్లాలి మరి!

చెట్టుకు చిక్కిన టేపు

1993. 'దొంగ' సినిమాలో చిరంజీవి చేసిన 'గోలీమార్' పాటకు మూలం మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' అని ఎవరో చెప్పారు. అంతే... ఆ మూలం కోసం వెతుకులాట మొదలైంది. దాచుకున్న డబ్బులతో 'డేంజరస్' క్యాసెట్ కొన్నాడు. గచ్చు మీద కొబ్బరినూనె చుక్క వేసి, మేజోళ్లతో వెనక్కి జారుతూ మూన్‌వాక్ సాధన. స్కూలు వార్షికోత్సవంలో చప్పట్లే చప్పట్లు!

తండ్రి స్టీల్‌ప్లాంటులో క్రేన్ ఆపరేటర్. సి షిఫ్టు చేసొచ్చి పగలు పడుకునే మనిషి. ఓ మధ్యాహ్నం పాట మోతకు లేచాడు. బల్లమీద ప్రోగ్రెస్ కార్డు, అందులో లెక్కల మార్కులు ముప్ఫై ఎనిమిది. మారు మాట్లాడలేదు. క్యాసెట్ తీసి, టేపంతా లాగి, పెరట్లోకి విసిరేశాడు. అది మునగచెట్టు కొమ్మకు చిక్కుకుంది. వానలు పడేదాకా గాలికి మెరుస్తూనే ఉంది.

ఆ తర్వాత డాన్సు లేదు. ఇంటర్, ఇంజినీరింగ్, అమెరికా. ఆ సంగతి తండ్రి ఎత్తలేదు, కొడుకూ ఎత్తలేదు.

ఫ్రిజ్ మీద మ్యాపు

ఈ వేసవిలో అమ్మానాన్నా వచ్చారు. 'ఈసారి డెట్రాయిట్ వెళ్దాం. కార్లు పుట్టిన ఊరు' అన్నాడు కొడుకు. అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. పదేళ్ల కూతురు మాత్రం ఊరుకోలేదు. ఫ్రిజ్‌కు మ్యాపు అంటించి, అరోరా నుంచి డెట్రాయిట్ దాకా ఎర్ర స్కెచ్‌పెన్నుతో గీత గీసింది. మధ్యలో గ్యారీ దగ్గర ఓ నక్షత్రం!

సుమారు 300 మైళ్లు. అంటే 480 కిలోమీటర్లు. 'మనకి విశాఖ నుంచి ఒంగోలు అనుకోండి' అని అత్తమామలకు లెక్క చెప్పింది కోడలు. గ్యారీ దాటాక దాదాపు దారంతా ఇంటర్‌స్టేట్ 94 మీదే. ఆ పేరు వినగానే తండ్రికి అనుమానం.

'ఏటిరా... మొన్న ఎయిర్‌పోర్టులో దిగినప్పుడు మా కాగితమూ ఐ-94 అన్నావు. రోడ్డూ అదేనా?'

విదేశీ సందర్శకుల రాకను నమోదుచేసే పత్రానికీ, ఈ రహదారికీ కాకతాళీయంగా ఒకటే పేరు. ఇల్లంతా నవ్వింది.

ప్రణాళిక మెల్లగా పెరిగింది. గ్యారీలో అమలయ్యేది చికాగో సమయమే. మిషిగన్‌లోకి అడుగుపెడితే గడియారం గంట ముందుకు జరుగుతుంది. అది మరిస్తే డెట్రాయిట్‌లో మ్యూజియం టికెట్ సమయం దాటిపోతుంది. అక్కడ సందర్శకులను జట్లుగా తిప్పి చూపిస్తారు కాబట్టి టికెట్లు ముందే తీసుకోవడం మంచిది. పెద్దవాళ్లున్నారు కాబట్టి రెండు గంటలకోసారి రెస్ట్ ఏరియాలో ఆగాలి. బీపీ మాత్రలు చేతిసంచిలో, పాస్‌పోర్టు జిరాక్సులూ ఇన్సూరెన్స్ కాగితమూ డాష్‌బోర్డులో ఉండాలి. పులిహోర, పెరుగన్నం అత్తగారి బాధ్యత. దారిలో కార్న్‌ఫ్లేక్స్ పుట్టిన బ్యాటిల్ క్రీక్ వస్తుంది. ఆ తర్వాత వచ్చే ఊరి పేరే జాక్సన్! 'అది కూడా మైకేల్ పేరేనా?' అంది పాప. కాదు. ఆ ఊరికీ, గ్యారీలోని ఆ వీధికీ అమెరికా అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ పేరు పెట్టారు. మైకేల్ ఇంటిపేరు దాంతో కలవడం యాదృచ్ఛికం.

కోడలికి ఇంకో చిక్కు. 'ఆయన మీద వచ్చిన ఆరోపణల సంగతి పాప అడిగితే?' పిల్లల విషయంలో 1993లో ఆరోపణలొచ్చాయి. మరో కేసులో 2005లో న్యాయస్థానం నిర్దోషి అంది. 2019లో వచ్చిన డాక్యుమెంటరీతో చర్చ మళ్లీ మొదలైంది. అడిగితే దాచకుండా, వయసుకు తగ్గట్టు చెప్పాలనుకున్నారిద్దరూ. పాట నచ్చిందని మనిషిని దేవుణ్ని చేయక్కర్లేదు కదా!

రెండు గదులు... తొమ్మిది మంది

పాప లైబ్రరీ పుస్తకం చూసి నోట్సు రాసుకుంది. ఓ ఉదయం కాఫీ తాగుతూ తాతయ్య దాన్ని అందుకున్నాడు.

గ్యారీ ఉక్కు కోసం పుట్టిన ఊరు. 1906లో మిషిగన్ సరస్సు ఒడ్డున యూఎస్ స్టీల్ కంపెనీ కట్టింది. ఊరి పేరు కూడా కంపెనీ ఛైర్మన్ ఎల్బర్ట్ గ్యారీదే. 1960లో అక్కడ లక్షా 78 వేల మంది ఉండేవారు. ఉక్కు పరిశ్రమలో ఉద్యోగాలు తగ్గేకొద్దీ జనం వెళ్లిపోయారు. 2020 నాటికి మిగిలింది 70 వేలలోపే. ఆ ఊళ్లో రెండే పడగ్గదులున్న చిన్న ఇల్లు. తొమ్మిది మంది పిల్లలు. 1958 ఆగస్టు 29న పుట్టిన మైకేల్ వాళ్లలో ఏడో వాడు. తండ్రి జో జాక్సన్...

అక్కడ ఆగిపోయాడు పెద్దాయన. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చదివాడు.

'క్రేన్ ఆపరేటరా?'

అవును. ఉక్కుమిల్లులో క్రేన్ ఆపరేటర్. ఖాళీ దొరికితే బ్యాండులో గిటార్ వాయించేవాడు. ఆ గిటార్ పిల్లలు ముట్టుకోకూడదు. ఆయన డ్యూటీకి వెళ్లినప్పుడు కొడుకు టిటో రహస్యంగా వాయిస్తూ తీగ తెంపాడు. తండ్రి మండిపడ్డాడు. తర్వాత 'ఏదీ, వాయించు చూద్దాం' అన్నాడు. జాక్సన్ 5 బృందానికి అదే ఆరంభం. 1968లో వాళ్లు డెట్రాయిట్‌లోని మోటౌన్ సంస్థ దగ్గర పాడి చూపించారు. 1969లో ఒప్పందం కుదిరింది. ఆ ఏడాదే కుటుంబం గ్యారీ వదిలి కాలిఫోర్నియా చేరింది.

మోటౌన్ కథలోనూ కార్ఖానా వాసనే! దాన్ని స్థాపించిన బెర్రీ గోర్డీ అంతకుముందు కార్ల ఫ్యాక్టరీ అసెంబ్లీ లైనులో పనిచేశాడు. ఇనుప చట్రం ఒక చివర మొదలై, మరో చివర కారై బయటికొచ్చినట్టే, వీధిలో పాడుకునే కుర్రాళ్లను గాయకులుగా తీర్చిదిద్దాలనుకున్నాడు. 1959లో కుటుంబం దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని మొదలుపెట్టాడు. 'హిట్స్‌విల్ యూఎస్ఏ' అని బోర్డు పెట్టిన ఆ ఇల్లే ఇప్పుడు మోటౌన్ మ్యూజియం. మైకేల్ ఇచ్చిన నల్ల టోపీ, మెరుపుల చేతితొడుగు అక్కడికే చేరాయి.

పెద్దాయన ఆ రోజంతా ఎక్కువ మాట్లాడలేదు. రాత్రి భోజనాలయ్యాక, గిన్నెలు సర్దుతున్న కొడుకు పక్కన నిలబడ్డాడు.

'అతనూ క్రేన్ మీద కూర్చున్నోడే. నేనూ కూర్చున్నోణ్నే. అతను తీగ తెంపిన పిల్లాడికి గిటార్ ఇచ్చాడు. నేను టేపు లాగేశాను.'

ముప్ఫై ఏళ్ల తర్వాత వచ్చిన మాట. చేతిలోని గిన్నె అలాగే ఉండిపోయింది. తండ్రికి అది గుర్తుందనే అనుకోలేదతడు.

'గిటార్ ఒక్కటే ఇవ్వలేదు నాన్నా. తప్పు అడుగేస్తే బెల్టుతో కొట్టాడు. ఆయన్ని చూస్తేనే భయంతో కడుపులో తిప్పేదని 1993లో టీవీలో చెప్పాడు మైకేల్. ఆడుకునే వయసంతా రిహార్సల్స్‌కే పోయింది. నాకు మాత్రం సాయంత్రమైతే క్రికెట్ ఉండేది.'

'అయినా...' అన్నాడు తండ్రి. ఆ వాక్యం పూర్తి కాలేదు. సి షిఫ్టులో కరిగిన ఉక్కు కుండల్ని మోసే క్రేన్ మీద కునుకు పడితే ఏమవుతుందో, పగటి నిద్ర ఎందుకంత ముఖ్యమో అతడికి అప్పుడు తెలీదు. ఆ రాత్రి తండ్రి చెబుతుంటే విన్నాడు. పన్నెండేళ్ల వాడికి ఆ క్యాసెట్ ఏమిటో తండ్రికీ అప్పుడు తెలీదు. ఆయనా విన్నాడు. అలా చాలాసేపు.

మారిన దారి

మర్నాడు మ్యాపు మీద మార్పు జరిగింది. గ్యారీలో అరగంట అనుకున్నది రెండు గంటలైంది. మిల్లులోకి వెళ్లనివ్వకపోయినా రోడ్డు మీంచైనా చూడాలన్నది పెద్దాయన కోరిక. జాక్సన్ స్ట్రీట్‌లో ఇంటిముందు 2009లో పోయిన మైకేల్ జ్ఞాపకార్థం నిలిపిన రాతి ఫలకం ఉంటుంది. చుట్టుపక్కల జనం కాపురాలుండే వీధి కాబట్టి పగలే వెళ్లాలి, ఎవరి వాకిలికీ కారు అడ్డంపెట్టకూడదు, పాటలు గట్టిగా పెట్టకూడదు. పాప ఇవన్నీ రాసి నక్షత్రం పక్కనే అంటించింది.

శనివారం ఉదయం ఆరు. పులిహోర డబ్బాలు ఎక్కాయి. నీళ్ల సీసాలు ఎక్కాయి. ఎప్పుడూ వెనక సీట్లో కూర్చునే పెద్దాయన ఈసారి ముందు తలుపు తీశాడు. సీటుబెల్టు పెట్టుకుని, ఒళ్లో మ్యాపు పరుచుకున్నాడు. కారు వీధి మలుపు తిరిగింది.

'ఆ పాట పెట్టరా.'

'ఏ పాట నాన్నా?'

'అదే... పెరట్లోకి విసిరేసిన క్యాసెట్లోది.'