రేడియేటర్ మూత గాయాలు

పాత కారు ఇంజన్ హీటెక్కి ఆగిపోతే చాలామంది ముందుగా రేడియేటర్ మూత తీసి నీళ్లున్నాయో లేదో చూస్తారు. ఎండాకాలంలో క్యాజువాలిటీకి వచ్చే కాలిన గాయాల్లో కొన్ని ఈ పరీక్ష తెచ్చిపెట్టినవే. జరిగిందేమిటో గాయం తీరే చెబుతుంది. మూత తిప్పిన చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా కాలి ఉంటుంది. బోనెట్ కిందికి వంగి చూడడం వల్ల గడ్డం, మెడ, ఛాతీ పైభాగం కూడా కాలుతాయి. వాచీ పట్టీ కింద, తడిసి ఒంటికి అంటుకున్న చొక్కా కింద గాయం మరింత లోతుగా ఉంటుంది. వేడినీళ్లు అక్కడ ఎక్కువసేపు నిలవడమే కారణం.

నీరు మామూలుగా 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. రేడియేటర్ మూతలోని స్ప్రింగు లోపలి ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. ఆ మూత 0.9 బార్ ఒత్తిడికి చేసినదైతే నీరు దాదాపు 118 డిగ్రీల దాకా మరగదు. ప్రెషర్ కుక్కర్‌లో జరిగేదీ ఇదే. మూత వదులు కాగానే ఒత్తిడి పడిపోయి, నీటిలో కొంత భాగం అక్కడికక్కడే ఆవిరవుతుంది. లీటరుకు నూటికి మూడు వంతుల పైచిలుకు మాత్రమే అలా మారినా, అది యాభై లీటర్లకు మించిన ఆవిరి. మిగిలిన మరుగునీటిని కూడా అది తనతోపాటు పైకి చిమ్ముతుంది. 70 డిగ్రీల నీరే సెకను లోపు చర్మాన్ని లోతుగా కాల్చగలదు కాబట్టి, చెయ్యి వెనక్కి లాక్కునే వ్యవధి ఎవరికీ దొరకదు.

ఇంజన్ వేడిని చూపే మీటరు ముల్లును నమ్మి మోసపోయేవారూ ఉన్నారు. సెన్సర్ నీటిలో మునిగి ఉన్నంత వరకే ముల్లు నిజం చెబుతుంది. నీళ్లు బాగా తగ్గి సెన్సర్ చుట్టూ ఆవిరి, గాలి మిగిలితే ఇంజన్ కాలిపోతున్నా ముల్లు కిందికి దిగవచ్చు. ట్రాఫిక్‌లో చిక్కుకున్న ఒక మారుతీ 800లో అదే జరిగింది. ముల్లు ఎర్రగీత దాకా వెళ్లి దానంతటదే దిగింది. చల్లబడిందనుకుని యజమాని కారు పక్కకు ఆపి మూత తిప్పాడు. ముంజేయి, మెడ కాలాయి. తర్వాత మెకానిక్ చూస్తే రేడియేటర్ ముందున్న కరెంటు ఫ్యాన్ తిరగడం లేదు. బోనెట్ ఎత్తి దూరం నుంచి చూసినా తెలిసే లోపం అది.

ఇంజన్ ఎందుకు వేడెక్కిందో తేల్చడానికి కావలసిన ఆనవాళ్లు చాలావరకు మూత తీయకుండానే దొరుకుతాయి. ట్రాఫిక్‌లో వేడెక్కి, వేగంగా వెళ్తే తగ్గిపోతుంటే ముందు ఫ్యాన్‌ను అనుమానించాలి. అంబాసిడర్ లాంటి కార్లలో ఫ్యాన్‌ను తిప్పేది బెల్టు కనుక దాని బిగువు చూడాలి. మారుతీ 800లో అయితే మోటారు, ఫ్యూజు, స్విచ్చి చూడాలి. హైవే మీద, ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే వేడెక్కితే రేడియేటర్ గొట్టాల్లో గార పట్టి ఉండవచ్చు. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన కార్లలో ఇది మామూలే. ఇంజన్ కాగుతున్నా రేడియేటర్ చల్లగా ఉంటే థర్మోస్టాట్ తెరుచుకోవడం లేదు, లేదా వాటర్ పంపు నీటిని తోయడం లేదు. సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగకుండా వస్తున్నా, ఇంజన్ ఆయిల్ పాలు కలిసినట్టు మారినా హెడ్ గ్యాస్కెట్ పోయిందని అనుమానించాలి. మూత తీయక తప్పనప్పుడు ఇంజన్ పూర్తిగా చల్లారాలి. అందుకు అరగంట చాలకపోవచ్చు. పై హోస్ పైపు ఇంకా బిగుసుకుని ఉంటే లోపల ఒత్తిడి ఉన్నట్టే. కాగిన ఇంజన్‌లో చన్నీళ్లు పోస్తే సిలిండర్ హెడ్ పగిలే ప్రమాదం ఉంటుంది.

కాలిన చోట చేయాల్సిన మొదటి పని ఇరవై నిమిషాలపాటు పారే చల్లటి నీళ్లు పోయడం. కాలిన మూడు గంటల లోపు మొదలుపెట్టినా దీనివల్ల మేలుంటుంది. వాపు రాకముందే ఉంగరం, వాచీ తీసేయాలి. అంటుకుపోయిన బట్టను లాగకూడదు. ఐసు పెడితే రక్తనాళాలు ముడుచుకుని గాయం ఇంకా లోతవుతుంది. ఘాట్ రోడ్డులో కాలిన ఒక డ్రైవర్ ముంజేతికి టూత్‌పేస్టు మందంగా పూసుకుని వచ్చాడు. అది ఎండి పెచ్చులు కట్టింది. పక్క సీటులో తాగునీటి సీసా ఉన్నా ఎవరికీ తోచలేదు. గాయం ఎంత లోతో చూడాలంటే ముందు ఆ పెచ్చులు కడిగి తీయాలి. ఆ కడగడమే అతనికి మరో బాధ అయింది. సిరా, పసుపు పూసినా ఇదే తంతు. పైగా రంగు వల్ల చర్మం ఎర్రగా ఉందో తెల్లబడిందో కనిపించదు.

ఆసుపత్రిలో ముందు చూసేది శ్వాస. ఆవిరి ముఖానికి కొట్టి గొంతు బొంగురుపోతే గొంతు లోపల వాపు మొదలైందేమోనని అనుమానించాలి. రెప్పలు వాచి మూసుకుపోకముందే కళ్లు పరీక్షించాలి. రేడియేటర్ నీటిలో కలిపే కూలెంట్ కంట్లో పడి ఉంటే నీళ్లతో బాగా కడగాలి. ఆ తర్వాత కాలిన మేర లెక్కగడతారు. రోగి అరచెయ్యి వేళ్లతో సహా ఒంటిలో సుమారు ఒక శాతం, పూర్తి చెయ్యి తొమ్మిది శాతం. పెద్దవారిలో మొత్తం పదిహేను శాతం దాటితే సెలైన్ తప్పదు. టి.టి. ఇంజెక్షన్ వివరం కూడా అడుగుతారు.

లోతును మొదటి రోజే తేల్చేయడం కుదరదు. బొబ్బలు కట్టి, లోపల తడిగా, గులాబీ రంగులో ఉండి, నొక్కితే పాలిపోయి మళ్లీ రంగు తిరిగితే గాయం పైపైనే ఉన్నట్టు. అందులో నొప్పి ఎక్కువ. తెల్లగా లేదా మచ్చలుగా ఉండి, నొక్కినా రంగు మారకపోతే లోతైనది. నరాలు దెబ్బతినడం వల్ల అందులో నొప్పి తక్కువగా ఉండవచ్చు, రోగి ధీమాగానూ ఉండవచ్చు. వేడినీటి గాయాలు రెండు మూడు రోజుల్లో రూపు మార్చుకుంటాయి కాబట్టి మళ్లీ చూసి నిర్ణయిస్తారు. పైపై గాయాలు రెండు మూడు వారాల్లో మానుతాయి. అంతకు మించి పట్టేలా ఉంటే చర్మం అతకడం గురించి ఆలోచిస్తారు. అలా వదిలేస్తే గట్టి మచ్చలు కడతాయి, మణికట్టు, మోచెయ్యి బిగుసుకుపోతాయి. అందుకే గాయం మానుతుండగానే చేతికి వ్యాయామాలు మొదలుపెడతారు. కొత్త చర్మానికి నెలలపాటు ఎండ తగలకుండా చూసుకోవాలి.