పలకని పుంజు

వేటకు పోయి ఉత్త చేతులతో తిరిగొచ్చినవాడి కథ వినడానికి ఎవరికీ తీరిక ఉండదు. కొట్టుకొచ్చినవాడి చుట్టూ అయితే పదిమంది చేరుతారు. నేను చెప్పబోయేది ఉత్త చేతుల కథే. అందులోనూ తుపాకి పట్టింది నేను కాదు, పట్టినవాడి పక్కన కూర్చున్నాను, అంతే. అయినా చెప్పకుండా ఉండలేను. ముప్పై ఏండ్లు హోసూరు చుట్టుపక్కల బళ్ళలో తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి. నోరు మూసుకుని ఉండటం నాకు చేతకాని పని అని మా ఇంటిది ఎప్పుడూ అనేది.

ఆమె 2018లో పోయింది. ఒంటరిగా ఎందుకని మా అబ్బాయి వచ్చి నన్ను అమెరికాకు తీసుకుపోయినాడు. మిస్సోరి రాష్ట్రంలో కొలంబియా అనే ఊరి దగ్గర వాడి ఇల్లు. వాడు చిన్నప్పట్నుంచీ మాట పొదుపు మనిషి. తల్లికి బాగాలేదని తెలిసి బయలుదేరి, విమానాలు మారి వాడు వచ్చి చేరేటప్పటికి అంతా అయిపోయింది. ఆ సంగతి మా ఇద్దరి మధ్యా ఒక్కసారి కూడా మాటల్లోకి రాలేదు. పొద్దున ఆఫీసుకు పోతూ "వస్తాను నాయనా" అంటాడు, సాయంత్రం వచ్చి "భోంచేసినారా" అంటాడు. అంతకు మించి లేదు. వీడికి తల్లి పోయిన బాధే లేదా అని నాకు లోపల్లోపల కోపంగా ఉండేది.

పక్కింట్లో ఒక పెద్దాయన ఉన్నాడు. డెబ్భై మూడేండ్లు, భార్య లేదు. మా మనవడు నన్ను "తాతా" అని పిలవడం విని, అదే నా పేరనుకుని ఆయనా "తాతా" అనడం మొదలుపెట్టినాడు. నాకంటే ఆరేండ్లు పెద్దవాడు నన్ను తాతా అంటే నవ్వొచ్చేది గాని, దిద్దబుద్ధి కాలేదు. 2019 ఏప్రిల్‌లో ఒకరోజు కంచె దగ్గర నిలబడి, "సోమవారం నుంచి టర్కీ వేట మొదలు. నాతో రండి తాతా, పని ఏమీ లేదు, మాట్లాడకుండా కూర్చోవడమే" అన్నాడు. ఆ చివరి మాటే కష్టమనిపించింది. అయినా ఒప్పుకున్నాను.

టర్కీని మనలో కొందరు సీమకోడి అంటారు. తమిళంలో వాన్‌కోళి. మన వైపు తమిళం చదువుకున్న ప్రతివాడికీ అవ్వయార్ మూదురైలోని ఆ పద్యం గుర్తుంటుంది. నెమలి ఆడుతుంటే చూసి, తానూ నెమలినే అనుకుని తన రెక్కలు విప్పి ఆడిందట వాన్‌కోళి. చదువు లేనివాడు కవిత చెప్పడం అలాంటిదని అందులోని నీతి. ఆ పద్యంలోని పిట్ట ఏదైనా గాని, ఈ టర్కీ మాత్రం ఉత్తర అమెరికా అడవుల సొత్తు. 1612లో గోవా నుంచి జహంగీరు కొలువుకు ఒకటి వస్తే, ఆయన మన్సూరు అనే చిత్రకారుడి చేత దాని బొమ్మ గీయించుకున్నాడు. పాదుషాకే అంత వింతయింది ఆ పక్షి.

బళ్ళో మేము నవ్వుకున్న పిట్ట వేరు, అడవి టర్కీ వేరు. పుంజు ఎనిమిది తొమ్మిది కిలోలు తూగుతుంది. అయినా ఎగరగలదు, రాత్రిళ్ళు చెట్ల మీదే నిద్రపోతుంది. దాని చూపు ముందు మన చూపు ఎందుకూ పనికిరాదు. రంగులు కూడా బాగా తెలుస్తాయి. అందుకని వేటగాళ్ళు ముఖంతో సహా ఆకుల రంగు బట్టలో మునిగిపోతారు. ఎరుపు, తెలుపు, నీలం రంగులు ఒంటి మీద ఉండకూడదని పెద్దాయన నా తెల్ల జేబురుమాలు కూడా తీసి పక్కన పెట్టించినాడు. వసంతంలో పుంజు తల ఆ మూడు రంగుల్లోకి మారుతుంది. మన జేబులో తెల్లగా కదిలేదాన్ని దూరం నుంచి ఇంకో వేటగాడు పుంజు తల అనుకున్నాడా, అంతే సంగతులు.

వసంతపు వేట మూడు వారాలే. పుంజును గాని, గడ్డం ఉన్న పక్షిని గాని మాత్రమే కొట్టాలి. గడ్డం అంటే రొమ్ము మీంచి వేలాడే వెంట్రుకల్లాంటి ఈకల కుచ్చు. పుంజులకు ఉంటుంది, పెట్టల్లో కొన్నిటికే ఉంటుంది. మనిషికి ఆ మూడు వారాలకు కలిపి రెండు, మొదటి వారంలో ఒకటే. అప్పటి నియమం ప్రకారం సూర్యోదయానికి అరగంట ముందు మొదలుపెట్టి మధ్యాహ్నం ఒంటిగంటకు తుపాకి దించెయ్యాలి. కొట్టినదాన్ని ఆ రాత్రి పదిలోపు ప్రభుత్వానికి లెక్క చెప్పాలి.

వేట పద్ధతి నాకు ముచ్చటేసింది. ఆయన సంచిలోంచి అరచేతిలో పట్టే గుండ్రటి పలక ఒకటి తీసినాడు. నిజంగా పలకే, మనం రాసుకునే నల్లరాయి. దాని మీద బలపం లాంటి పుల్లతో చిన్న చిన్న సున్నాలు చుట్టినాడు. కీచుమని మొదలై యాక్, యాక్ అని విరిగే గొంతు వచ్చింది. అచ్చం పెట్ట పిలుపు. జీవితమంతా పలకా బలపాల మధ్య గడిపిన నాకు, పలక పలకడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

"ఇందులో ఒక తిరకాసు ఉంది తాతా," అన్నాడాయన. "అడవిలో కూసేది పుంజు, దాని దగ్గరికి నడిచిపోయేది పెట్ట. మనం పెట్ట గొంతుతో పిలిచి పుంజునే నడిచి రమ్మంటున్నాం. దాని స్వభావానికి ఎదురు అడుగుతున్నాం. అందుకే అది రాకపోతే తప్పు దానిది కాదు."

మొదటి రోజు నాలుగున్నరకు బయలుదేరినాము. వంటింటి గట్టు మీద ఫ్లాస్కులో వేడి కాఫీ సిద్ధంగా ఉంది. కోడలు ఎంత బుద్ధిమంతురాలో అనుకుని చంకన పెట్టుకున్నాను. ఓక్ చెట్ల అడవి. చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి. చీకట్లో పెద్దాయన నోటి దగ్గర చేతులు పెట్టి గుడ్లగూబలా కూసినాడు. చెట్టు మీది పుంజు ఆ కూతకు ఉలిక్కిపడి గళగళమని అరుస్తుందట, ఉన్న చోటు బయటపెట్టుకుంటుందట. చెవులు రిక్కించినాము. దూరాన నిజమైన గుడ్లగూబ ఒకటి బదులు చెప్పింది. పుంజు పలకలేదు.

రెండో రోజు పలకలేదు. మూడో రోజు వాన. నాలుగో రోజు చాలా దూరంలో ఒక్కటంటే ఒక్క కూత వినబడి, మేము లేచి ఆ గట్టు దాటేసరికి ఆగిపోయింది. వారం గడిచింది. ఎర్రమొగ్గల చెట్లు పూసి రాలినాయి, డాగ్‌వుడ్ చెట్లు తెల్లగా విచ్చుకున్నాయి. మా పని మాత్రం చెట్టు మొదలుకు వీపు ఆనించి కూర్చోవడం, ఇంటికొచ్చి ఒంటి మీద పిడుదులు ఏరుకోవడం. దారిలో పెట్రోలు బంకు దగ్గర కలిసిన వేటగాళ్ళందరిదీ అదే మాట. ఒకడు పన్నెండు రోజుల్లో రెండు కూతలు విన్నానన్నాడు. ఇంకొకడు తన పలకనే అనుమానించి కొత్తది కొన్నాడు. ఒకతను సగంలోనే మానుకుని చేపలకు పోతున్నాడు.

"ఎందుకిట్లా?" అని అడిగినాను. పెద్దాయన వేళ్ళు మడిచి చెప్పినాడు. "వసంతం చల్లగా ఉంది. పెట్టలు ఇంకా గుడ్ల మీద కూర్చోలేదు, పుంజుల వెంటే తిరుగుతున్నాయి. పక్కనే పెట్ట ఉండగా పుంజు మన పిలుపు వింటుందా? ఇంకొకటి, అన్నిటికంటే ఎక్కువ కూసేవి రెండేండ్ల పుంజులు. రెండేండ్ల కిందట మా వైపు పిల్లలు సరిగా బతకలేదు. ఆ లోటు ఇప్పుడు వినబడుతోంది."

లోటు వినబడటం! ఆ మాట నాలో ఉండిపోయింది.

ఆయన బాల్యంలో ఈ అడవులన్నీ నిశ్శబ్దమేనట. విచ్చలవిడి వేట వల్లా, అడవులు కొట్టెయ్యడం వల్లా మిస్సోరిలో టర్కీలు దాదాపు తుడిచిపెట్టుకుపోయినాయి. ప్రభుత్వం వేట ఆపించి, 1954 నుంచి మిగిలిన పక్షుల్ని వలల్లో పట్టి, లేని అడవుల్లో వదులుతూ వచ్చింది. 1960లో కొన్ని కౌంటీల్లో మాత్రం మూడంటే మూడు రోజులు వేటకు వదిలినారు. అప్పుడు పద్నాలుగేండ్ల పెద్దాయన్ని వాళ్ళ నాయన దక్షిణపు కొండల్లోకి తీసుకుపోయినాడు. ఆ మూడు రోజుల్లో రాష్ట్రమంతా కలిపి పడినవి వందకు లోపే. వీళ్ళకు ఏమీ పడలేదు గాని, ఆ కుర్రవాడు జీవితంలో మొదటిసారి పుంజు కూత విన్నాడు. 2004 వసంతానికి ఆ లెక్క అరవై వేలు దాటింది. 2018 నాటికి నలభై వేలకు దిగువన పడింది. "లేని రోజులు చూసినాను, ఉన్న రోజులు చూసినాను. మళ్ళీ లేని రోజులు చూసి పోవడం ఇష్టం లేదు తాతా" అన్నాడు. అందుకే ఆయన ప్రతి సంవత్సరం ఒక నోటుపుస్తకం రాస్తాడు. తేదీ, గాలి, ఎన్ని కూతలు, ఏమి కనబడింది. ఆ వసంతం పేజీల నిండా సున్నాలే. బడిపంతుల్ని కదా, ఆ సున్నాలు నిజాయితీగా వేసినవని చూడగానే తెలిసింది.

ఆ సున్నాలు చూస్తుంటే మా తాత గుర్తొచ్చినాడు. కెలమంగలం పక్కన మా రాగిచేల గట్ల మీద కౌజు పిట్టలు ఉండేవి. తాత దగ్గర ఒక దీమం కౌజు ఉండేది. గూటికి గుడ్డ కప్పి తెల్లవారుజామున పొదల మధ్య పెట్టి, చుట్టూ ఉచ్చులు వేసి, గుడ్డ తీసేవాడు. దీమం కూస్తుంది. నా చోట ఇంకొకడు కూయడమేందని అడవి కౌజు పోట్లాటకు వస్తుంది. నాకప్పుడు పదేండ్లు. ఎంతసేపటికీ ఏదీ పలకలేదని ఏడుపు మొహం పెట్టినాను. అంతలో నా కాళ్ళ దగ్గర పొదలోంచి ఒకటి తొంగిచూసింది. "తాతా, వచ్చె!" అని అరిచినాను. బుర్రుమని ఎగిరిపోయింది. తాత కొట్టలేదు. గూటికి గుడ్డ కప్పుతూ, "పలకలేదని ఏడిస్తివి, వచ్చినబుడు కూత పెడితివి. వచ్చేదాన్ని రానియ్యల్ల రా" అన్నాడు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చినప్పుడు తాత ఆ గూడును అటక మీద పెట్టేసినాడు. మళ్ళీ దించలేదు.

మే 5, ఆదివారం. వేటకు ఆఖరి రోజు. ఎప్పటిలాగే ఫ్లాస్కు, చీకటి, గుడ్లగూబ కూత, ఎప్పటిలాగే బదులు లేదు. పదకొండు దాటింది. పెద్దాయన పలక మీద ఒకసారి మెల్లగా పిలిచి, తుపాకి మోకాలి మీద పెట్టుకుని ఎదురుగా ఉన్న గట్టు వైపే చూస్తున్నాడు. నాకు కుడి పక్క, వెనగ్గా, ఎండుటాకుల మీద అడుగు పడినట్టయింది. కళ్ళు మాత్రం తిప్పినాను. ముప్పై అడుగుల్లో ఓక్ చెట్టు పక్కనుంచి ఒక తల. తెల్లటి నెత్తి, నీలం చెంపలు, ఎర్రటి మెడ. గడ్డం దాదాపు గడ్డిని తాకుతోంది. ఒక్క కూత కుయ్యకుండా, ఎంత దూరం నుంచి నడిచొచ్చిందో గాని, వచ్చింది.

నేను చేయవలసింది ఏమీ లేదు. కదలకుండా ఉంటే అది ఇంకో నాలుగడుగులు వేసి ఆయన కంటబడేది. కాని చెప్పకుండా ఉండలేనివాణ్ణి. చెయ్యి నా ప్రమేయం లేకుండానే లేచి ఆయన మోచేతిని తట్టింది. "పుట్" అని ఒక్క శబ్దం. ఆయన తల తిప్పేలోగా అక్కడ ఆకులు మాత్రం ఊగుతున్నాయి.

మూడు వారాల వేట. ఆయన వయసుకు ఇంకెన్ని వసంతాలో. నేల మీద చూపు పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పినాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గడ్డం ఎంత పొడుగు?" అని అడిగినాడు. చేత్తో చూపించినాను. నోటుపుస్తకం తీసి రాసి, నాకు చూపించినాడు. "మే 5. తాత చూశాడు. కూయకుండా వచ్చింది." అని ఉంది. "పలకలేదంటే లేదని కాదు తాతా. మనం పిలిచినదాన్ని అది ఎప్పుడు విన్నదో, ఎప్పుడు బయలుదేరిందో మనకేం తెలుసు?" అన్నాడు. ఒంటిగంటకు తుపాకిలోంచి తూటాలు తీసేసినాడు.

ఇంటికొచ్చి ఫ్లాస్కు కడుగుతూ, "రోజూ పొద్దున్నే లేచి నా కోసం కాఫీ కాచినావు తల్లీ" అన్నాను కోడలితో.

"నేనెక్కడ మామయ్యా! నాకు ఆరు దాకా మెలకువే రాదు. ఆయనే మూడున్నరకు లేచి కాచి పెట్టి, మీరు పోయేది కిటికీలోంచి చూసి మళ్ళీ పడుకునేవారు" అంది.

మా వాడు పెరటి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన పోయి కూర్చున్నాను. అడగాలని నోటిదాకా వచ్చినవి చాలా ఉన్నాయి. ఈసారి చెయ్యి లేపలేదు, నోరు విప్పలేదు. ఎంతసేపు గడిచిందో తెలియదు.

"ఆ రోజు అమ్మ నన్ను అడిగిందా నాయనా?" అన్నాడు వాడు, నేల వైపు చూస్తూ.

"అడిగింది రా," అన్నాను. "రెండుసార్లు అడిగింది."