సప్పుడు వేరు, ముచ్చట వేరు

దసరాకి ఊరికి పోతూ రెండు వైర్‌లెస్ స్పీకర్లు, మూడు డబ్బాల మెష్ వైఫై సెట్టు బ్యాగులో పెట్టుకున్నాను. కారణం బాపు టీవీ. ఆయన టీవీ పెడితే వాడకట్టంతా వినాల్సిందే. "ఇగ నాతోని కాదు, నువ్వే ఏదన్న చెయ్యి" అని అవ్వ ఆర్నెల్లుగా ఫోన్‌లో పోరుతోంది. మంచం పక్కనే స్పీకర్ ఉంటే అంత సౌండ్ అవసరం ఉండదు కదా అనుకున్నాను. నా లెక్క అంతే.

హైదరాబాద్ నుంచి సిద్దిపేట మీదుగా వస్తే, మానేరు వంతెన దాటి సిరిసిల్లలోకి అడుగుపెట్టే ముందు వచ్చే ఊరు మా తంగళ్ళపల్లి. మా ఇల్లు రైలుడబ్బాలా పొడుగ్గా ఉంటుంది. రోడ్డు వైపు రెండు గదులు, మధ్యలో వాకిలి, వెనక సాంచాల షెడ్డు. మా దగ్గర మరమగ్గాన్ని సాంచా అంటారు. బాపు వయసులో ఉండగా కొన్నాళ్ళు భీవండిలో, తర్వాత ముప్ఫై ఏళ్ళు ఇక్కడ, పన్నెండు గంటల షిఫ్టుల్లో సాంచాలు నడిపాడు. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చినప్పుడు మళ్ళీ చేతినిండా పని దొరికిందని సంబరపడ్డాడు. ఆ తర్వాత మోకాళ్ళు మొరాయించాయి. మా నాలుగు సాంచాలూ పాత ఇనుప సామాన్ల కిందికి పోయాయి. ఇప్పుడు ఆ షెడ్డులో బాపు మంచం ఉంది.

ఫైబర్ కనెక్షన్ డబ్బా ముందు గదిలో ఉంది. దాని వైఫై షెడ్డు దాకా రాదు. అందుకే మెష్. ఒక డబ్బా ముందు గదిలో, ఒకటి వాకిట్లోకి తెరుచుకునే కిటికీలో, ఒకటి షెడ్డులో పెట్టాను. ఇంట్లో అందరి ఫోన్లూ వాటంతట అవే కలవాలని, మెష్‌కి పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డే ఇచ్చాను. తెలివైన పని చేశానని మురిసిపోయాను కూడా.

స్పీకర్లు మాత్రం కలవలేదు. యాప్‌లో గుండ్రంగా తిరిగి తిరిగి "కనెక్ట్ కాలేదు" అని వస్తుంది. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ అదే. స్పీకర్ని రీసెట్ చేశాను. డబ్బాలన్నీ ఆపి మళ్ళీ వేశాను. యాప్ తీసేసి మళ్ళీ ఎక్కించాను. పాస్‌వర్డ్ మార్చాను. రాత్రి పదకొండయింది. నేను చేసే ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఈ సంగతి ఇక్కడ చెప్పకపోయినా బాగుండేది.

బాపు మంచం మీద కూర్చుని చాలాసేపు చూశాడు. చివరికి అన్నాడు: "అన్ని ఒక్కసారి ముడుతున్నవ్ బిడ్డా. గట్ల ముడితె ఏది చెడిందో ఎట్ల దొరుకుతది? ఒక్కటి ముట్టు, నడిపి చూడు. కాకుంటె దాన్ని ఎట్లున్నదాన్ని అట్ల వెట్టి, ఇంకోటి ముట్టు."

సాంచా ఆగితే బాపు ముందు దాని చుట్టూ ఒకసారి నడిచేవాడు. నాడెలో కండె అయిపోయిందా, పడుగులో పోగు తెగిందా, మోటారు బెల్టు జారిందా? ఒక్కోటీ చూసేవాడు. ఆగకముందే, నడిచే సాంచా చప్పుడు మారగానే, "మూడోదాని దగ్గరికి పో" అని నన్ను పంపిన రోజులు గుర్తున్నాయి.

పొద్దున లేచి ఆయన చెప్పినట్టే చేశాను. మీ ఇంట్లోనూ ఇదే తంతు నడుస్తుంటే ఈ నాలుగు ముక్కలు పనికొస్తాయి.

మొదటిది బ్యాండ్. మెష్ డబ్బా ఒకే పేరు మీద 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ ఇస్తుంది. చవక స్పీకర్లలో చాలావాటికి 2.4 ఒక్కటే తెలుసు. సెటప్ చేసేటప్పుడు ఫోన్ 5లో ఉంటే కొన్ని యాప్‌లు తికమకపడతాయి. ఆ కాసేపు 5 ఆపేశాను. అయినా కలవలేదు. 5ని మళ్ళీ వేశాను.

రెండోది భద్రత. కొత్త మెష్‌లో డబ్ల్యూపీఏ3 పెట్టి ఉంది. నా స్పీకర్లకి వచ్చింది డబ్ల్యూపీఏ2 దాకే. అంటే పాస్‌వర్డ్ సరైనదే, అడిగే పద్ధతే వాటికి తెలియదు. డబ్ల్యూపీఏ2కి మార్చగానే రెండు స్పీకర్ల దీపాలూ మినుకుమనడం మాని స్థిరంగా వెలిగాయి. గెలిచాననుకున్నాను. తీరా ముందు గదిలోకొచ్చి పాట పెట్టబోతే నా ఫోన్‌లో స్పీకర్లే కనబడవు. విచిత్రంగా, షెడ్డులో కూర్చున్న అవ్వ ఫోన్‌లో కనబడుతున్నాయి!

రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూశాను. వైఫై పేరు రెండింట్లోనూ ఒకటే. ఐపీ అడ్రస్‌లు చూస్తే నాది 192.168.1తో మొదలవుతుంది, అవ్వది 192.168.68తో. అప్పుడు వెలిగింది. ఫైబర్ డబ్బా వైఫైని నేను ఆపనేలేదు. అది కూడా రౌటరే, దాని వెనక తగిలించిన మెష్ కూడా రౌటరే. ఒకే ఇంట్లో, ఒకే పేరు మీద రెండు నెట్‌వర్క్‌లు నడుస్తున్నాయి. ముందు గదిలో నా ఫోన్ పాతదాన్ని పట్టుకుంది, షెడ్డులో అవ్వ ఫోన్ కొత్తదాన్ని. ఫోన్ "ఇక్కడ స్పీకర్ ఎవరైనా ఉన్నారా?" అని వేసే కేక తన నెట్‌వర్క్ లోపలే వినబడుతుంది, రౌటర్ గడప దాటదు. ఇంటర్నెట్ మాత్రం రెండింట్లోనూ వస్తుంది కాబట్టి తేడా ఉందని ఎవరికీ అనుమానం రాదు.

కనుక మూడోది, పాత డబ్బా వైఫై ఆపేయడం. నాలుగోది, మెష్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చడం. అంటే అది రౌటర్ పని మానేసి సిగ్నల్ పంచే పని మాత్రమే చేస్తుంది. ఈ రెండూ అయ్యాక ఇంట్లో ఉన్నవన్నీ ఒకే నెట్‌వర్క్‌లోకి వచ్చాయి. ఐదు నిమిషాల పని. నిన్న సాయంత్రం నుంచి నేను తిరిగింది మాత్రం వేరే దారుల్లో.

బాపుకి ఇష్టమని మిద్దె రాములు ఒగ్గుకథ పెట్టాను. రాములుది వేములవాడ దగ్గర హనుమాజీపేట, మాకు దగ్గరి ఊరే. స్పీకర్ బాపు దిండు పక్కనే ఉంది, శబ్దం నిఖార్సుగా ఉంది. అవ్వ, నేను ఆయన మొహం వైపే చూస్తున్నాం.

"ఎట్లున్నది బాపూ?"

"డోలు మంచిగ ఇనవడుతంది."

"కథ?"

కాసేపు ఆగి అన్నాడు. "సప్పుడు ఇనవడుతంది బిడ్డా. ముచ్చట తెలుస్తలేదు. కథ నాకు ఎరుకే గదా, డోలును వట్టి ఎంట వోతున్న."

సౌండ్ పెంచాను. ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. పెంచితే చప్పుడు పెరుగుతుంది, మాట పెరగదు.

పెద్ద రొదలో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళకి ముందు దెబ్బతినేది హెచ్చు స్వరాలు పట్టే శక్తి. 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల మొదలవుతుంది. అచ్చులు వినబడతాయి, డోలు వినబడుతుంది. స, క, త, ప లాంటి హల్లులు పోతాయి. "పాలు తాగుతవా?" అని అవ్వ అడిగితే "కాలు మంచిగనే ఉంది" అని బాపు చెప్పడం, మేమంతా నవ్వడం మా ఇంట్లో పాత జోకు. పాలు, కాలు, సాలు ఆయనకి ఒకటే అని మాకెవరికీ తట్టలేదు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్‌లో రొద వల్ల వచ్చే చెవుడు కూడా వృత్తి జబ్బుగానే ఉండేది. ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ హద్దుగా ఉండేది. కానీ నాలుగు సాంచాల ఇంటి షెడ్డుని ఫ్యాక్టరీ అని ఎవరంటారు? బాపు పన్నెండు గంటల్ని ఎవరు కొలిచారు? చెవుల్లో దూది కూడా పెట్టుకోలేదాయన. పెట్టుకుంటే సాంచా చెడినప్పుడు చప్పుడు మారేది తెలియదని.

రెండేళ్ళ కింద నా ఉద్యోగం పోయింది. మళ్ళీ దొరికేదాకా నాలుగు నెలలు పట్టింది. పోయిన రోజు రాత్రి బాపుకి ఫోన్ చేసి ఏడుస్తూ చెప్పాను. అటు నుంచి "ఆఁ, మంచిదే బిడ్డా. తిన్నవా?" అన్నాడు. ఆ మాట నాలో గడ్డకట్టింది. ఆ తర్వాత ఫోన్లు తగ్గించాను. చేసినా అవ్వతోనే. బాపు లైన్‌లోకి వస్తే ఏం చెప్పినా అదే జవాబు: "మంచిదే. తిన్నవా?"

ఆ పొద్దున స్పీకర్ ఆపి, ఆయనకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కుడి చెవి కాస్త నయమని ఆయనే చెప్తే అటు జరిగాను. అరవకుండా, పెదాలు కనబడేలా, నెమ్మదిగా చెప్పాను. రెండేళ్ళ కింద ఉద్యోగం పోయిందని, నాలుగు నెలలు ఖాళీగా ఉన్నానని.

బాపు మొహం మారిపోయింది. "గంత కష్టమైతె నాకు చెప్పకపోతివి?"

"చెప్పిన బాపూ. ఫోన్‌ల."

ఆయన ఏమీ అనలేదు. తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత మెల్లగా, "ఫోన్‌ల నీ గొంతు ఇనవడుతది. బతికే ఉన్నది నా బిడ్డ, అదే సాలు అనుకుంట" అన్నాడు.

పండగ అయ్యాక చెవుల డాక్టర్ దగ్గరికి కరీంనగర్ పోదామంటే ముందు వద్దన్నాడు. చెవి మిషన్ పెట్టుకుంటే ముసలోణ్ణయిపోతానన్నాడు. ఆయనకి వినబడని స్వరాలనే ఎంచి పెంచుతుంది, టీవీలాగ అన్నిటినీ ఒక్కసారే పెంచదు అని చెప్పాను. ఆలోచించి, "అంటె ఒక్కటొక్కటి ముడుతదన్న మాట" అన్నాడు.

స్పీకర్లు ఇప్పుడు ముందు గదిలో ఉన్నాయి. అవ్వ పాటలు వింటోంది.